తయారు కాని చోట మిగిలే విషాలు: అండమాన్ దీవుల్లో పీవోపీల నియంత్రణ

అండమాన్ నికోబార్ దీవుల్లో చెప్పుకోదగ్గ రసాయన పరిశ్రమ లేదు. చిన్నా పెద్దా దీవులు, రాతి దిబ్బలు కలిపి 836 ఉన్న ఈ కేంద్రపాలిత ప్రాంతంలో మనుషులు నివసించేవి నలభై లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 3.8 లక్షలు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. టీవీ, ఫ్రిజ్, సోఫా, ట్రాన్స్‌ఫార్మర్, పడవ అడుగుకు పూసే రంగు, చేపలు సర్దే థర్మకోల్ పెట్టె వంటి సరుకంతా కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నం రేవుల నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాల్సిందే. అలా వచ్చిన వస్తువు పాడయ్యాక తిరుగు ఓడ ఎక్కడం మాత్రం అరుదు.

విష రసాయనాల నియంత్రణ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా పటాన్‌చెరు, పరవాడ, వాపి లాంటి పారిశ్రామికవాడలు గుర్తొస్తాయి. చట్టాలు కూడా ఎక్కువగా వాటిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఏ రసాయనాన్ని తయారు చేయకూడదు, దిగుమతి చేసుకోకూడదు, అమ్మకూడదు అని అవి చెబుతాయి. ఏదీ తయారు కాని, అన్నీ వచ్చి పోగుపడే చోట ఈ చట్టాలు ఎంతవరకు పనిచేస్తాయన్నది వేరే ప్రశ్న. ‘స్థిర సేంద్రియ కాలుష్యకాలు’ అనే రసాయనాల విషయంలో ఆ ప్రశ్నకు అండమాన్ దీవులు మంచి ఉదాహరణ.

ఏమిటీ పీవోపీలు?

స్థిర సేంద్రియ కాలుష్యకాలను ఇంగ్లిష్ పొడి అక్షరాలతో పీవోపీలు అంటారు. వినాయక చవితి రోజుల్లో విగ్రహాల గురించి వినిపించే పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, వేరు. దానికీ వీటికీ సంబంధం లేదు.

ఒక రసాయనాన్ని ఈ కోవలో చేర్చాలంటే నాలుగు లక్షణాలు చూస్తారు. అది మట్టిలో, నీటిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా ఉండాలి. జీవుల కొవ్వులోనో రక్తంలోనో పోగుపడాలి. పుట్టిన చోటు నుంచి చాలా దూరం ప్రయాణించాలి. మనిషికో ప్రకృతికో హాని చేయాలి. డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైనది మనిషి ఒంట్లో చేరితే దాని పరిమాణం సగానికి తగ్గడానికే సుమారు ఏడేళ్లు పడుతుంది. చిన్న జీవిని చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప, పెద్ద చేపను మనిషి తినే క్రమంలో ఒక్కో మెట్టు దగ్గరా సాంద్రత పెరుగుతూ పోతుంది. రోజూ చేప తినే దీవుల జనానికి ఈ చివరి మెట్టు చాలా ముఖ్యం.

‘దూర ప్రయాణం’ అన్న లక్షణమే అంతర్జాతీయ ఒప్పందానికి దారి తీసింది. వెచ్చటి ప్రాంతాల్లో ఆవిరై, గాలితో సాగి, చలి ప్రాంతాల్లో తిరిగి నేలకు దిగే ఈ రసాయనాలు ఆర్కిటిక్‌లోని ఇన్యూట్ తల్లుల పాలలో బయటపడ్డాయి. ఆ తల్లులు వాటిని చూసిందీ లేదు, వాడిందీ లేదు. ఒప్పందం పీఠికలోనే ఆర్కిటిక్ ప్రాంతం, అక్కడి ఆదివాసుల ముప్పు గురించి ప్రత్యేకంగా రాశారు. జరావా, ఓంగీ, షోంపెన్, నికోబారీ ప్రజలున్న మన దీవులకు ఆ వాక్యం ఏమంత దూరంది కాదు.

స్టాక్‌హోమ్ నుంచి ఢిల్లీకి

స్టాక్‌హోమ్ ఒప్పందం 2001 మేలో కుదిరి, 2004 మే 17న అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలో 12 రసాయనాలున్నాయి. ఆల్డ్రిన్, ఎండ్రిన్, డీడీటీ లాంటి తొమ్మిది పురుగుమందుల రకం, పీసీబీలు, ఎవరూ కావాలని తయారు చేయకుండానే పుట్టే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు. అప్పటి నుంచి జాబితా పెరుగుతూ 30 దాటింది. గమనించాల్సింది ఏమిటంటే, కొత్తగా చేరిన వాటిలో చాలావరకు పొలంలో చల్లేవి కావు, ఇంట్లో ఉండేవి. మంటలు త్వరగా అంటుకోకుండా ప్లాస్టిక్‌లో, నురుగులో కలిపే బ్రోమిన్ రసాయనాలు, నీరూ నూనే అంటకుండా చేసే ఫ్లోరిన్ రసాయనాలు, పీవీసీని మెత్తబరిచే క్లోరినేటెడ్ పారాఫిన్లు అలాంటివి.

భారత్ 2002 మేలో సంతకం చేసి, 2006 జనవరి 13న ధ్రువీకరించింది. అయితే ధ్రువీకరించేటప్పుడే ఒక మెలిక పెట్టుకుంది. జాబితాలో కొత్త రసాయనం చేరినంత మాత్రాన మన దేశానికి అది వర్తించదు. మనం విడిగా ఒప్పుకున్నప్పుడే వర్తిస్తుంది. ఒప్పందంలోని 25వ అధికరణం ఇందుకు వీలు కల్పిస్తుంది. కొన్ని ఇతర దేశాలూ ఈ దారే పట్టాయి. దీనివల్ల ప్రపంచ జాబితాకూ, దేశీయ నిషేధానికీ మధ్య ఏళ్ల దూరం ఏర్పడుతూ వచ్చింది.

ఆ దూరాన్ని కొంత తగ్గించింది 2018 మార్చి 5న పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన ‘స్థిర సేంద్రియ కాలుష్యకాల నియంత్రణ నిబంధనలు’. ఏడు రసాయనాల తయారీ, వ్యాపారం, వాడకం, దిగుమతి, ఎగుమతులను ఇవి నిషేధించాయి. క్లోర్‌డెకోన్, హెక్సాబ్రోమోబైఫినైల్, పెంటాబీడీఈ, ఆక్టాబీడీఈ మిశ్రమాలు, పెంటాక్లోరోబెంజీన్, హెచ్‌బీసీడీ, హెక్సాక్లోరోబ్యూటాడయీన్ ఆ ఏడు. 2020 అక్టోబరు 7న కేంద్ర మంత్రివర్గం ఈ ఏడింటి ధ్రువీకరణకు ఆమోదం తెలిపింది. దేశంలో అప్పటికే నియంత్రణలో ఉన్న రసాయనాలను ఇకపై ధ్రువీకరించే అధికారాన్ని విదేశాంగ, పర్యావరణ మంత్రులకు అప్పగించింది.

నిబంధనలు మంచివే. కానీ అవి ముఖ్యంగా రసాయనాన్ని ఉద్దేశించినవి. ఆ రసాయనం ఇప్పటికే లోపల ఉన్న పాత టీవీ, పాత సోఫా, పాత ఇన్సులేషన్ షీటు గుర్తింపు గుర్తేదీ లేకుండానే ఇళ్లలో ఉండిపోయాయి. ఇక్కడే దీవుల కథ మొదలవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ నూనె

పీసీబీల ఉదాహరణతో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే వాటికి గడువు తేదీలున్నాయి. వేడిని తట్టుకునే, నిప్పంటుకోని ఈ నూనెలను ఇరవయ్యో శతాబ్దంలో ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లలో విరివిగా పోశారు. 1968లో జపాన్‌లో ఒక తవుడు నూనె కర్మాగారం గొట్టాల నుంచి పీసీబీ కారి వంటనూనెలో కలిసింది. వేలమంది జబ్బు పడ్డారు. ‘యుషో’ పేరుతో ప్రసిద్ధమైన ఆ ఘటన తర్వాతే ప్రపంచం వీటి వైపు జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టింది.

స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం పీసీబీ ఉన్న పరికరాల వాడకం 2025కల్లా ఆగాలి. ఆ వ్యర్థాలను 2028కల్లా సురక్షితంగా నిర్మూలించాలి. భారత్ 2016 ఏప్రిల్‌లో ఇచ్చిన పీసీబీ నియంత్రణ ఉత్తర్వుతో తయారీ, దిగుమతులను నిషేధించి, వాడకానికి 2025 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం, బెంగళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి నిర్మూలన వ్యవస్థకు పథకం వేశాయి.

చిక్కు ఎక్కడంటే, పీసీబీ పోసిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ప్రమాదం కాదు. నూనె వడకట్టే యంత్రం, గొట్టం, పీపా ఒకే జట్టు చేతిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మరోదానికి తిరుగుతాయి. ఒకదానిలోని పీసీబీ అలా మామూలు ఖనిజ నూనె ఉన్న వాటిలోకీ పాకుతుంది. పది లక్షల పాళ్లలో 50 పాళ్లు దాటితే ఆ నూనె కలుషితమైనట్టే లెక్క. నూనె తీసి పరీక్షిస్తే తప్ప తెలియదు. ఒక్కో దీవికీ విడిగా చిన్న విద్యుత్ వ్యవస్థ నడిపే చోట ఈ పరీక్ష మరింత అవసరం. నమూనాలు తీయడానికి కూడా దీవి నుంచి దీవికి పడవలో వెళ్లాలి మరి. పక్కన పారేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను వెల్డింగ్ షాపుల్లోనో, కట్టెకు చెద పట్టకుండా పూయడానికో తీసుకెళ్లే అలవాటు పేద దేశాలన్నిటా ఉన్నదే.

థర్మకోల్ పెట్టె, టీవీ డబ్బా

2018 నిబంధనల్లోని ఏడింటిలో సామాన్యుడి చేతికి దగ్గరగా వచ్చేది హెచ్‌బీసీడీ. భవనాల్లో వేడి రాకుండా వేసే థర్మకోల్ పలకలకు మంటను తట్టుకునే గుణం ఇవ్వడానికి దీన్ని కలిపేవారు. స్టాక్‌హోమ్ జాబితాలో ఇది 2013లో చేరింది. చేపల పెట్టెకు, నీటిపై తేలే బోయాకు మంట నిరోధకం అవసరమే లేదు. అయినా దక్షిణ కొరియాలో జలచరాల పెంపకానికి వాడే థర్మకోల్ బోయాల్లో హెచ్‌బీసీడీ బయటపడింది. వాటిని అంటిపెట్టుకుని పెరిగిన ఆల్చిప్పల్లోనూ కనిపించింది. నిర్మాణ రంగానికి ఉద్దేశించిన ముడిసరుకు చేపల రంగంలోకి జారిపోయిందన్నమాట. థర్మకోల్ విరిగి పూసలు పూసలుగా నీటిలో తేలిపోయే పదార్థం కాబట్టి, ఇలా దారి తప్పిన రసాయనం సముద్రంలోకి చేరడానికి పెద్దగా కష్టపడదు. అండమాన్‌లోనైనా కాకినాడలోనైనా చేపల రేవు దగ్గర నీటి అంచున తెల్లటి పూసల వరుస చూడనివారుండరు.

టీవీ, కంప్యూటర్ డబ్బాల సంగతి కొంచెం మెరుగు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పీబీడీఈ వర్గం రసాయనాలు కొత్త పరికరాల భాగాల్లో బరువులో 0.1 శాతం మించకూడదని చెబుతున్నాయి. 2011 నాటి నిబంధనల నుంచీ ఈ పరిమితి ఉంది. 2022 నిబంధనల్లోనూ కొనసాగింది. కానీ ఆ పరిమితి ఎలక్ట్రానిక్ పరికరాలకే. సోఫా నురుగు, కర్టెన్, వాహనాల సీటు దాని పరిధిలోకి రావు. పైగా ఈ వర్గంలో తర్వాతి కాలంలో ఎక్కువగా వాడిన డెకాబీడీఈ స్టాక్‌హోమ్ జాబితాలో 2017లోనే చేరినా, 2018 నాటి మన ఏడింటి జాబితాలో లేదు.

మరో సందు రీసైక్లింగ్. పాత టీవీల నల్ల ప్లాస్టిక్‌ను కరిగిస్తే మంట నిరోధకం పోదు. అది కొత్త రూపంలో ఆటబొమ్మగానో, వంటింటి గరిటెగానో తిరిగొస్తుంది. చాలా దేశాల్లో చేసిన పరీక్షల్లో ఇది రుజువైంది. ఒప్పందమే పెంటా, ఆక్టా మిశ్రమాలున్న వస్తువుల రీసైక్లింగ్‌కు 2030 వరకు మినహాయింపు ఇచ్చింది. ‘ఎంత ఉంటే విష వ్యర్థం’ అన్న ప్రశ్నకు బాసెల్ ఒప్పందం మార్గదర్శకాలు కిలోకు 50, 500, 1000 మిల్లీగ్రాములు అంటూ ఏకంగా మూడు అంకెలు పక్కపక్కన పెట్టాయి. దేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరకపోతే అంతర్జాతీయ పత్రాలు ఇలాగే ఉంటాయి.

అలలు మోసుకొచ్చేవి

ఇంతవరకు చెప్పినవి ఓడ మీద డబ్బు పెట్టి తెచ్చుకున్నవి. అసలు ఎవరూ తెచ్చుకోనివి మరికొన్ని ఉన్నాయి. గ్రేట్ నికోబార్ తీరాల్లో పోర్ట్ బ్లెయిర్ పరిశోధకులు సేకరించిన విదేశీ ప్లాస్టిక్ చెత్తపై 2020లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దొరికిన సీసాలు, ప్యాకెట్ల మీద పేర్లను బట్టి చూస్తే మలేషియావి సుమారు 40 శాతం. ఇండోనేషియా, థాయిలాండ్ ఆ తర్వాతివి. భారత్‌లో తయారైనవి నామమాత్రం. దేశానికి దక్షిణపు కొస అయిన ఆ దీవి నుంచి మన ప్రధాన భూభాగం కన్నా సుమత్రా ఎంతో దగ్గర. మలక్కా జలసంధి వైపు సాగే ఓడల దారి పక్కనే ఉంది.

ఈ చెత్త వికారంగా ఉండటం ఒక్కటే సమస్య కాదు. నీటిలో కరగని, కొవ్వును ఇష్టపడే పీవోపీలు సముద్రంలో తేలే ప్లాస్టిక్‌కు అంటుకుంటాయని జపాన్ పరిశోధకులు 2001లోనే చూపించారు. పాలీప్రొపిలీన్ గుళికల మీద పీసీబీ సాంద్రత చుట్టూ ఉన్న నీటిలో కన్నా లక్ష నుంచి పది లక్షల రెట్లు ఎక్కువగా ఉంది. బయటి నుంచి అంటుకునేవి కొన్నయితే, ప్లాస్టిక్‌లోనే కలిపి పంపేవి మరికొన్ని.

ఈ రెండో కోవలోదే యూవీ-328. ఎండకు ప్లాస్టిక్, రంగు వెలిసిపోకుండా కలిపే రసాయనం ఇది. 2023 మేలో జెనీవా సమావేశం దీన్ని స్టాక్‌హోమ్ జాబితాలో చేర్చింది. క్లోరిన్, బ్రోమిన్, ఫ్లోరిన్ ఏదీ లేని రసాయనం ఈ జాబితాకెక్కడం అదే మొదలు. దానికన్నా ముఖ్యం, దాని ‘దూర ప్రయాణం’ రుజువు చేయడానికి చూపిన ఆధారాల్లో తేలియాడే ప్లాస్టిక్ చెత్త, దాన్ని మింగే సముద్ర పక్షులు ఉండటం. గాలి, నీరు మాత్రమే కాదు, వస్తువే రసాయనాన్ని మోసుకెళ్లే వాహనం అని ఒప్పందం గుర్తించిందన్నమాట. గ్రేట్ నికోబార్‌లోని గలథియా అఖాతంలో గుడ్లు పెట్టడానికి వచ్చే తోలువీపు తాబేళ్లకు ఈ గుర్తింపుతో నేరుగా సంబంధం ఉంది. జెల్లీచేపలు వాటి ఆహారం. నీళ్లలో తేలే ప్లాస్టిక్ సంచీ జెల్లీచేపలాగే కనిపిస్తుంది.

ఇక్కడ దేశీయ నిబంధన చేయగలిగింది తక్కువే. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి అధికారికంగా శ్రీ విజయ పురం) కూర్చున్న కాలుష్య నియంత్రణ కమిటీ మలేషియాలో తయారైన సీసాకు షరతులు పెట్టలేదు. ఆ సీసాలో ఏం కలపాలో నిర్ణయించేది అంతర్జాతీయ జాబితాయే. అందుకే కొత్త రసాయనాల చేర్పుపై ఢిల్లీ తీసుకునే వైఖరి ఫలితం దేశంలో అందరికన్నా ముందు దీవుల మీద పడుతుంది. 2025 జెనీవా సమావేశంలో క్లోర్‌పైరిఫాస్, మధ్యస్థాయి క్లోరినేటెడ్ పారాఫిన్లు, పొడవు గొలుసు ఫ్లోరిన్ ఆమ్లాలు జాబితాలో చేరాయి. క్లోర్‌పైరిఫాస్ విషయంలో భారత్ ఆహార భద్రతను కారణంగా చూపి అభ్యంతరం చెప్పింది. పంటల వైపు నుంచి చూస్తే ఆ వాదనకు బలం ఉంది. అయితే తీరం వైపు నుంచి మాట్లాడేవారు ఆ చర్చలో అంతగా వినబడలేదు.

మంట

డయాక్సిన్లు, ఫ్యూరాన్లను ఎవరూ తయారు చేయరు. క్లోరిన్ ఉన్న చెత్తను తక్కువ వేడి మీద కాల్చితే అవే పుడతాయి. ఒప్పందం మూడో అనుబంధం వీటి వనరుల్లో బహిరంగంగా చెత్త కాల్చడాన్ని, డంపింగ్ యార్డుల మంటలను పేరు పెట్టి చెప్పింది. పీవీసీ వైరు తొడుగు, ప్లాస్టిక్ చెప్పు, కేబుల్ ముక్క కాలితే క్లోరిన్ కరువుండదు. తీర ప్రాంతాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఉప్పు నీటిలో నానిన కొట్టుడు కట్టెను కాల్చినా డయాక్సిన్లు ఎక్కువగా వస్తాయని కెనడా పశ్చిమ తీరం అనుభవం చెబుతోంది. చోటు తక్కువగా ఉండి, చెత్త ఎత్తిపోసే నేల అడవికో కడలికో ఆనుకుని ఉండే దీవుల్లో, కాల్చేయడమే సులువైన దారిగా కనిపిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ చెత్త చేరేది బ్రుక్‌షాబాద్ యార్డుకు. దూరపు దీవుల్లో ఆ మాత్రం ఏర్పాటు కూడా కష్టమే.

డీడీటీ సంగతి

పీవోపీలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదనడానికి డీడీటీ సాక్ష్యం. వ్యవసాయంలో దీన్ని భారత్ 1989లోనే ఆపింది. మలేరియా, కాలా అజార్ దోమలు, ఈగల నిర్మూలనకు మాత్రం ఒప్పందం రెండో అనుబంధం అనుమతిస్తోంది. ప్రపంచంలో దీని తయారీ చివరికి మిగిలింది మన దేశంలోనే. నికోబార్ దీవుల్లో మలేరియాను మోసేది అనాఫిలిస్ సుండైకస్ అనే దోమ. కొంచెం ఉప్పగా ఉండే నీటిలో పెరగడం దీని ప్రత్యేకత. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పొలాల్లోకి ఉప్పు నీరు చొచ్చుకొచ్చి, ఈ దోమకు కొత్త గుంటలెన్నో ఏర్పడ్డాయి. అలాంటి పరిస్థితిలో ఇంటి గోడ మీద మందు చల్లడమా, విషానికి భయపడి మానేయడమా అంటే ఆరోగ్య కార్యకర్త దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. ప్రత్యామ్నాయ మందులు, దోమతెరలు అందుబాటులోకి వచ్చేకొద్దీ డీడీటీ అవసరం తగ్గుతుంది. నిషేధం కన్నా ఆ సరఫరాయే ఇక్కడ అసలు నియంత్రణ.

వెనక్కి వెళ్లే ఓడ

దీవుల్లో ప్రమాదకర వ్యర్థాల ఉమ్మడి శుద్ధి కేంద్రం లేదు. కలుషిత నూనె, పాత కెపాసిటర్, మంట నిరోధకం ఉన్న ప్లాస్టిక్‌ను నిర్మూలించాలంటే ప్రధాన భూభాగానికి పంపాలి. దీవులకు సరుకు వచ్చే మూడు రేవుల దగ్గరా అలాంటి కేంద్రాలు ఉండటం విశేషం. చెన్నైకి గుమ్మిడిపూండి, విశాఖకు పరవాడ, కోల్‌కతాకు హల్దియా దగ్గర. అయితే పూడ్చిపెడితే పీవోపీలు నశించవు. క్లోరిన్ ఎక్కువగా ఉన్న వ్యర్థానికి 1,100 డిగ్రీల వేడి, ఆ వేడిలో కనీసం రెండు సెకన్లు ఉండేలా నడిపే కొలిమి కావాలి.

డబ్బు ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలని విషయం. ప్లాస్టిక్‌కు, ఎలక్ట్రానిక్ వస్తువులకు ఉత్పత్తిదారు బాధ్యత అనే పద్ధతి ఇప్పుడు అమల్లో ఉంది. కంపెనీ అమ్మినదానికి లెక్కగా ఇంత వ్యర్థం రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్ చూపాలి. ఆ సర్టిఫికెట్ దేశంలో ఎక్కడి వ్యర్థంతో వచ్చినా చెల్లుతుంది. హైదరాబాద్ శివారులో ఒక టన్ను పోగుచేయడం చవక. కమోర్టాలో ఒక టన్ను పోగుచేసి ఓడెక్కించడం ఖరీదు. కాబట్టి దీవుల్లో అమ్మిన ఫ్రిజ్‌కు బాధ్యత కాగితం మీద మైదానంలో తీరిపోతుంది. ఫ్రిజ్ దీవిలోనే ఉంటుంది. దూర ప్రాంతాల నుంచి సేకరించిన వ్యర్థానికి ఎక్కువ విలువ కట్టే ఏర్పాటు చేస్తే ఈ లెక్క మారుతుంది. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

గ్రేట్ నికోబార్‌లో కంటైనర్ రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రంతో కూడిన భారీ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. దాని మీద అడవి, తాబేళ్లు, షోంపెన్ల హక్కుల కోణంలో సాగుతున్న వాదోపవాదాలు తెలిసినవే. వాటిలో అంతగా ప్రస్తావనకు రానిది కొనుగోళ్ల జాబితా. విమానాశ్రయంలో మంటలార్పే నురుగు ఏ రకం? ప్రపంచవ్యాప్తంగా అనేక విమానాశ్రయాల చుట్టూ భూగర్భ జలాలను పాడుచేసింది పీఎఫ్‌ఓఎస్, పీఎఫ్‌ఓఏ రకం నురుగులే. ఫ్లోరిన్ లేని నురుగులు ఇప్పుడు దొరుకుతున్నాయి. గోడల్లో పెట్టే ఇన్సులేషన్, లక్షల మీటర్ల కేబుల్ తొడుగు, ఓడల రంగు విషయంలోనూ అదే ప్రశ్న. టెండరు పత్రంలో ఒక వాక్యం రాయడానికి ఇప్పుడు ఖర్చు లేదు. ముప్పై ఏళ్ల తర్వాత వాటిని ఊడదీసి ఓడెక్కించడానికి అవుతుంది.

ప్రస్తుతానికి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం ఒక పీపా కలుషిత నూనెను నిర్మూలన కోసం దీవుల నుంచి విశాఖకు పంపాలంటే, అక్కడి కాలుష్య నియంత్రణ కమిటీ, ఇక్కడి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి రెండూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. పీపాతో పాటు వ్యర్థాల రవాణా పత్రం ప్రయాణించాలి. పీసీబీ వ్యర్థాల నిర్మూలనకు ఒప్పందం ఇచ్చిన గడువు 2028.